పరీక్షకు పెట్టిన కాలు

ఉస్తా బయ్యూమి జీవితంలో చాలామంది కాళ్లు పట్టుకున్నాడు. అద్దె పెంచొద్దని ఇంటివాడి కాళ్లు, కరెంటు తీగ కత్తిరించొద్దని లైన్‌మాన్ కాళ్లు, చివరికి ఈ ఆసుపత్రి గేటు దాటనివ్వమని కాపలావాడి కాళ్లు. అలాంటివాడి కాలిని ఈ పొద్దున్నించీ కాబోయే డాక్టర్లు వరసకట్టి పట్టుకుంటున్నారు. కాలం కలిసిరాని మనిషికి ఇన్నాళ్లకు కాలు కలిసొచ్చింది.

కైరోలో డాక్టర్లను తయారుచేసే ఆసుపత్రి అది. పై అంతస్తు వార్డులో చివరి ఏడాది విద్యార్థులకు పరీక్షలు జరుగుతున్నాయి. మామూలు పరీక్షకు ప్రశ్నపత్రం కాగితం మీద ఉంటుంది. ఇక్కడి ప్రశ్నపత్రాలు పాదాల దాకా దిగే గలాబియ్యాలు తొడుక్కుని, మంచాల మీద పడుకుని, దగ్గుతూ ఉంటాయి. ఒక్కో మంచానికి ఒక్కో అరుదైన జబ్బు. విద్యార్థి తెర చాటున రోగిని తట్టి, నొక్కి, ప్రశ్నలడిగి తేల్చుకోవాలి. ఆ తర్వాత ఇద్దరు పెద్ద డాక్టర్లు వచ్చి "ఏమిటిది?" అంటారు. చెప్పినవాడు డాక్టరు, చెప్పలేనివాడు మళ్లీ విద్యార్థి.

బయ్యూమి మంచం కిటికీ పక్కన ఉంది. కుడి మోకాలికి బయటివైపు, చిన్న ఎముక తల దగ్గర, మొదట ఖర్జూరమంత లేచిందది. నిమ్మకాయంత అయ్యాక ఆ ఇల్లు చాలలేదేమో, కిందికి దిగి కాలి ముందుకండలో అద్దెకు చేరింది. చెయ్యి వేస్తే నీళ్లతిత్తిలా జరుగుతుంది. బాబ్ జువైలా కోటగుమ్మం పక్కన గుడారాల బజారులో, ఎత్తు బల్ల మీద బాసింపట్టు వేసుకుని బతుకంతా కుట్టిన కాలు అది. పెళ్లికీ చావుకీ ఒకే గుడారం కుట్టే బజారులో కుట్టడమే తప్ప కుట్రలు తెలియని మనిషి బయ్యూమి. చేతిపని తెలిసినవాణ్ణి అక్కడ గౌరవంగా ఉస్తా అంటారు. బాసింపట్టు వేయలేనివాడికి ఆ బల్ల మీద చోటు లేదు. కాలు చాపుకుని కూర్చుంటే కొనవచ్చినవాడి ముఖానికి అరికాలు చూపినట్టే. రంజాన్ గుడారాల పని మొదలయ్యేలోగా ఈ కాలు మడవగలగాలి. అతనికి కావలసింది అంతే.

కిందటి వారం బయటిరోగుల గదిలో ఒక కుర్ర డాక్టరు చూసి, "రేపే కోసి తీసేద్దాం" అన్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టర్ మమ్దూహ్ అటు వచ్చాడు. ఆ విభాగమంతా ఆయన్ని పాషా అంటుంది. ఏ మాటైనా నొక్కి చెప్పే మనిషి. ఆ రోజు గడ్డను నొక్కి మరీ చెప్పాడు.

"దీన్నెవడూ ముట్టుకోకూడదు. సూది కూడా పెట్టొద్దు. కీలులో పుట్టి కండలోకి దిగిన తిత్తి! ఎంత అందంగా దిగిందో చూడండి. పరీక్షలయ్యేదాకా ఇది ఇలాగే ఉండాలి."

"నొప్పిగా ఉంది పాషా," అన్నాడు బయ్యూమి.

"ఓర్చుకో ఉస్తా. పరీక్షలు కాగానే నా చేత్తో నేనే తీస్తా. నా చెయ్యి సంగతి తెలుసుగా?"

తెలుసు. ఊరంతటికీ తెలుసు. ఆ చేతి కోసం వరసలో నిలబడి, వరసలోనే ముసలివాళ్లయిన జనం ఉన్నారు. బయ్యూమి ఆ చేతుల వంక చూశాడు. పొడవాటి వేళ్లు, తీర్చి కత్తిరించిన గోళ్లు. పట్టు మీద సూది నడిపే చేతులు ఇలాగే ఉంటాయనుకున్నాడు. నమ్మేశాడు.

"ఏయ్ మోకాలూ! టీ తాగావా?" వార్డుబాయ్ షెహాతా తెర లాగుతూ అరిచాడు. రోగుల పేర్లు అతనికి అక్కర్లేదు, అవయవాలు చాలు. "గుండె మంచం దిగొద్దు. ప్లీహం ఏదీ? మళ్లీ సిగరెట్టుకి పోయిందా?"

"ప్లీహం ఇక్కడే ఉందిరా, దుప్పటి కింద," అన్నాడు పక్కమంచం హాజీ అబూ సరీ.

మనూఫియ్యా రైతు అతను. కాలవ నీళ్ల పురుగు చేరి, ప్లీహం పుచ్చకాయంత అయింది. వార్డు అతనికి 'ప్లీహాజీ' అని పేరు పెట్టింది. పరీక్షల కాలం రాగానే పొలం వదిలి బస్సెక్కి వచ్చేస్తాడు. నవ్వితే పొట్ట ఒక పక్కే ఊగుతుంది.

"ఇవాళ పాషాలై తిరిగేవాళ్లలో సగంమంది ఒకప్పుడు ఈ పొట్ట మీద చేతులు పెట్టి వణికినవాళ్లేనోయ్ ఉస్తా."

"మరి తీయించుకోలేదేం హాజీ?"

"తీస్తామంటారు. పరీక్షలు కానీ అంటారు. అయ్యాక సెలవలంటారు. అయినా ఇది తీసేస్తే నన్నెవడు పిలుస్తాడు? భోజనం పెట్టి, చేతిలో నాలుగు రాళ్లు పెట్టి, నా గేదెని పిలుస్తారా?"

బయ్యూమి నవ్వాడు. తన సంగతి వేరు. తనకు పాషా స్వయంగా మాటిచ్చాడు.

*

మర్నాడు వేళ్లు మరీ ఎక్కువయ్యాయి. చల్లటి వేళ్లు, చెమట వేళ్లు, గోళ్లున్న వేళ్లు. ఒక కుర్రాడు దర్జీలా టేపు పెట్టి కొలిచాడు. ఇంకొకడు తెర చాటున చెవిలో గొణిగాడు.

"బాబాయ్, నీకేం జబ్బో చెప్పవా? నీ ఫోన్ రీచార్జ్ చేయిస్తా."

"కీలు తిత్తి బాబూ. కండలోకి దిగిందంట."

"ఏ కండ?"

"అది కూడా నేనే చెబితే నువ్వు దేనికి నాయనా?"

మరొకడు తెరలు దగ్గరకి లాగి, సెల్‌ఫోన్ టార్చి గడ్డకు ఆనించాడు. చర్మం వెనక నీరంతా ఎర్రగా వెలిగింది. పక్క తెరల్లోంచి విద్యార్థులు తలలు పెట్టి "ఓహ్" అన్నారు. ఇద్దరు ఫోటో తీసుకున్నారు.

"ఉస్తా! నీ కాల్లోకి రంజాన్ ముందే వచ్చేసిందోయ్," అన్నాడు అబూ సరీ. "పండగ లాంతరు, ఫానూస్ వేలాడగట్టావు. ఇక పిల్లలు మిఠాయిలడుగుతారు."

వార్డంతా నవ్వింది. బయ్యూమీ నవ్వాడు. వాళ్లు వెళ్లాక మోకాలి కింద ఎవరో దారం లోపలికి లాగి ముడేసినట్టు అనిపించింది. ఆ లాగుడు పాదం పై వరకూ పాకి, అక్కడ మొద్దుబారి ఆగింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక మరుగుదొడ్డికి లేచాడు. కొంత దూరం వెళ్లాక చూసుకుంటే కుడికాలి చెప్పు మంచం దగ్గరే ఉండిపోయింది. వెనక్కొచ్చి తొడుక్కున్నాడు. మళ్లీ జారిపోయింది. పాదం నేల మీద తడి చేపలా టపీమని పడుతోంది. మంచం మీద కూర్చుని బొటనవేలి వంక చూసి, లెమ్మని మనసులో గట్టిగా చెప్పాడు. వేలు వినలేదు. బద్ధకపు పనివాణ్ణి గదమాయించినట్టు మళ్లీ గదమాయించాడు. అది పరాయివాడి వేలులా పడుంది.

అబూ సరీ అంతా చూశాడు. సిగరెట్టు చెవి వెనక దోపుకుని దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"నోరు మూసుకో."

"నేనేమన్నాను హాజీ?"

"అనబోతున్నావు. వినుకో. పోయినేడు నీ మంచం మీద హెర్నియా ఉండేవాడు. పాషా మాటిచ్చాడు వాడికీ. నొప్పి నొప్పి అని గోల చేశాడు. చేస్తే ఏమైంది? కింద ఎమర్జెన్సీకి తోశారు. ఆ పూట డ్యూటీలో ఉన్న మీసాలు రాని డాక్టరెవడో కోశాడు. పాషా మొహం కూడా చూపించలేదు. ఇప్పటికీ పొట్ట చేత్తో పట్టుకునే నడుస్తాడు. రేపొక్క రోజు. పళ్లు బిగబట్టు."

"పాదం లేవడం లేదు హాజీ."

"లేస్తుందిలే. పాషా చెయ్యి పడితే సమాధిలో వాళ్లు లేస్తారు."

బయ్యూమి గలాబియ్యా మెడపట్టీలో ఎప్పుడూ ఒక సూది గుచ్చి ఉంటుంది. చిరిగిన దిండుగలేబు అంచు నుంచి ఒక పట్టీ చింపాడు. దాన్ని మడతపెట్టి, చెప్పుకి రెండు వైపులా పట్టి, మడమ వెనకనుంచి వచ్చేలా కుట్టాడు. గుడారం మీద తామరపువ్వు కుట్టేటప్పుడు వేసేంత దగ్గర కుట్లు. దారం కొరికి, తొడుక్కుని చూశాడు. ఇక చెప్పు జారదు. పాదం మాత్రం జారుతూనే ఉంది, కానీ అది చెప్పు లోపలి వ్యవహారం. ఎవరికి కనిపిస్తుంది?

*

చివరి రోజు తెర జరిపి లోపలికొచ్చిన అమ్మాయి ముందు సలాం చెప్పింది. తర్వాత పేరు అడిగింది. గడ్డ పేరు కాదు, అతని పేరు.

"నా పేరు రొదైనా, బాబాయ్. నా చేతులు చల్లగా ఉంటాయి, ఒక్క నిమిషం." అరచేతులు రుద్దుకుని, నోటితో ఊదుకుని, అప్పుడు ముట్టుకుంది. "ఏం పని చేస్తారు?"

"గుడారాలు కుడతాను తల్లీ."

"మా అన్నయ్య పెళ్లికి వేశారు ఒకటి. ఎర్రది, మీద తెల్ల చుక్కలు."

"చుక్కలేంటమ్మా, తామరలవి! మేం కళ్లు పోగొట్టుకుని కుడితే మీకు చుక్కల్లా కనిపించాయా?"

ఆమె నవ్వేసింది. నవ్వుతూనే వేళ్లను మోకాలి నుంచి ముందుకండ మీదుగా దించింది. ఎక్కడ నొప్పి మొదలైందో అక్కడే ఆగింది, అడగకుండానే.

"పాదం పైకెత్తండి."

బయ్యూమి మోకాలు మడిచి కాలంతా ఎత్తేశాడు.

"కాలు కాదు బాబాయ్. మడమ మంచానికే ఆనించి, పాదం మాత్రం."

పాదం తడిగుడ్డలా వేలాడింది.

"కళ్లు మూసుకోండి. నేను పాదం మీద ముట్టుకున్నప్పుడు చెప్పండి." అతను మూసుకున్నాడు. "తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"బాబాయ్, నేనింకా ముట్టుకోలేదు."

అతను కళ్లు తెరవలేదు. ఆమె మంచం కిందికి వంగిన చప్పుడు వినిపించింది. కళ్లు తెరిచేసరికి ఆమె చేతిలో చెప్పు ఉంది. మడమ పట్టీని వేలితో తడిమింది.

"ఎంత బాగా కుట్టారో. ఎప్పుడు కుట్టారు?"

"నిన్న."

"అంటే మొన్నటిదాకా అవసరం లేకపోయింది." ఆమె గొంతులో తొందర చేరింది. "చూడండి బాబాయ్, ఆ తిత్తి పాదాన్ని ఎత్తే నరాన్ని నొక్కేస్తోంది. ఇవాళ తెరిస్తే పాదం లేవచ్చు. ఆలస్యమయ్యే కొద్దీ లేవకపోవచ్చు. నేను వాళ్లతో చెబుతాను."

"వద్దు తల్లీ! అడిగిందానికి జవాబు చెప్పి మార్కులేయించుకుపో. పాషాయే చేస్తానన్నాడు. ఇప్పుడు నరం గిరం అంటే నన్ను ఏ కుర్రాడి చేతిలోనో పెడతారు."

"ఎవరి చెయ్యైనా పరవాలేదు. ఇవాళ కావాలి."

తెర జరిగింది. పాషా లోపలికొచ్చాడు, వెనక వేరే ఊరినుంచి వచ్చిన పరీక్షకుడు ఆవులిస్తూ. రొదైనా చేతులు వెనక్కి కట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది. మోకాలి కింది చిన్న కీలులోంచి పుట్టిన తిత్తి, ముందుకండలోకి దిగింది అంది. పాషా తల ఊపాడు. ఆవులింతల డాక్టరు కూడా తల ఊపాడు. అక్కడితో ఆపితే ఆమె డాక్టరయ్యేది.

"పాదం కూడా పడిపోయింది డాక్టర్ గారూ. ఇవాళే తెరవాలి."

పాషా తల ఊపడం ఆపాడు.

"ఎవరి పాదం? ఇది వారం నుంచీ నా చేతుల్లో ఉన్న కేసు. పాదం పడితే నాకు తెలియదా?"

"నేను చూశాను డాక్టర్ గారూ. మీరొక్కసారి..."

"నన్ను చూడమంటున్నావా?" పాషా పక్క డాక్టరు వంక చూసి నవ్వాడు. దుప్పటి మీద చెయ్యి వేయలేదు. "చూడ్డమెందుకు, మనిషికి నోరుంది. ఉస్తా! నీ పాదం లేవడం లేదా?"

అందరూ తన వంకే చూస్తున్నారు. పక్క మంచం మీద అబూ సరీ సిగరెట్టు లేని చెవిని గోక్కుంటున్నాడు. బయ్యూమి పాషా ముఖం చూడలేదు, చేతులు చూశాడు. ఆ పొడవాటి వేళ్లు. ఇంకొక్క పూట ఆగితే అవి తనవి.

"లేస్తుంది పాషా. బానే లేస్తుంది. పొద్దున నడిచి టీకి కూడా వెళ్లొచ్చా."

"మరి ఈ డాక్టరమ్మకి ఎలా కనిపించింది?"

ఇక్కడ ఊరుకున్నా సరిపోయేది. కానీ అబద్ధమాడిన నోటికి ఒక కుట్టుతో ఆగడం తెలియదు. అది ఊడిపోకుండా ఇంకో కుట్టు వేస్తుంది.

"ఏమో పాషా. కాసేపు వాళ్ల అన్న పెళ్లి గుడారం గురించి మాట్లాడింది. కాలు సరిగ్గా ముట్టుకోనేలేదు."

ఆవులింతల డాక్టరు మొదటిసారి నిద్ర లేచాడు. పాషా పగలబడి నవ్వాడు.

"అయితే నువ్వు గుడారాల బజారులో పరీక్ష రాయాల్సిందమ్మాయ్!" నవ్వు ఆపి, మళ్లీ నొక్కి చెప్పాడు. "తెలియకపోవడం తప్పు కాదు. లేని లక్షణం పుట్టించి రోగిని బెదరగొట్టడం తప్పు. మళ్లీ ఒక ఏడాది చదువుకో, అప్పుడు కనిపిద్దువు గాని."

వాళ్లు పక్క మంచానికి వెళ్లారు. రొదైనా వంగి దుప్పటి లాగి అతని కాలి మీద కప్పింది. పాదం కిందికి వాలిపోకుండా అరికాలికి ఒక దిండు ఎత్తిపెట్టి, అది జరగకుండా అదిమి, బయటికి నడిచింది.

*

మధ్యాహ్నానికి ప్రశ్నపత్రాలన్నీ లేచి ఇళ్లకు బయలుదేరాయి. అబూ సరీ మిగిలిన రొట్టెలు, ఉడికించిన గుడ్డు మూటగట్టుకున్నాడు.

"వస్తానోయ్ మోకాలూ. వచ్చే ఏడు కలుద్దాం."

"నేను రాను హాజీ. నాది తీసేస్తున్నారు."

"ఇన్షా అల్లాహ్," అన్నాడు అబూ సరీ, చందమామ అడిగిన పిల్లాడితో అన్నట్టు.

పాషా నిజంగానే వచ్చాడు. పరీక్షలు అయిపోయిన హుషారులో ఉన్నాడు. వెనక ఆ కుర్ర డాక్టరు, బయటిరోగుల గదిలో రేపే కోసేద్దామన్నవాడు, ఉన్నాడు.

"ఏదీ మన ముద్దుగుమ్మ?" అని దుప్పటి తీశాడు. జేబులోంచి పెన్ను తీసి, కోయబోయే చోట చర్మం మీద గీత గీయడం మొదలుపెట్టాడు. చల్లటి పెన్ను మొన మోకాలి పక్కనుంచి కిందికి దిగుతుంటే బయ్యూమికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పాదం ఎత్తు," అన్నాడు పాషా, అలవాటుగా.

పెన్ను గీత మధ్యలో ఆగింది.

"ఎత్తు."

కిటికీ అవతల ఎవరో హారన్ కొడుతున్నారు. కుర్ర డాక్టరు పాదం చూశాడు, పాషాని చూశాడు, తర్వాత కిటికీ చూశాడు.

"ఎప్పట్నుంచి?"

"నిన్నట్నించి పాషా. భయపడ్డాను. మీరు చెయ్యరేమోనని. పొద్దున ఆ పిల్ల చెప్పింది నిజమే."

"ఏ పిల్ల?"

బయ్యూమి నోరు తెరిచాడు. పాషా ముఖంలో కోపం లేదు. మర్యాదగా, ఓపికగా, జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంది. ఆ మర్యాద చూసి అతని నోరు మూసుకుపోయింది.

"పొద్దున నీ నోటితో నువ్వే లేస్తుందన్నావు," అన్నాడు పాషా. "బయటి ఊరి డాక్టరు గారు కూడా విన్నారు. అంటే పొద్దున లేచింది, ఇప్పుడు లేవడం లేదు. ఇలాంటి కాలు మీద నేను కత్తి పెడితే, రేపు పాదం పడేసింది నా కత్తేనంటారు. ముందు నరాల వాళ్లు చూడాలి."

"ఎప్పుడు చూస్తారు పాషా?"

"వరసలో."

"పాషా, పోనీ నేను..." అన్నాడు కుర్ర డాక్టరు.

"నువ్వూ వద్దు. నా విభాగంలో ఎవరూ వద్దు." పాషా పెన్నుకి మూత పెట్టాడు. పోతూ పోతూ బయ్యూమి భుజం తట్టాడు. "మంచి కేసువి ఉస్తా. పిల్లలు చాలా నేర్చుకున్నారు."

సగం గీసిన నీలం గీత మోకాలి పక్కన ఆరిపోయింది.

"మోకాలూ, లే, మంచం ఖాళీ చెయ్యి," అన్నాడు షెహాతా దుప్పటి గుంజుతూ. "ఉతికేవాళ్లు కిందున్నారు."

*

గోడ పట్టుకుని, మోకాలు ఎత్తెత్తి వేస్తూ, మెట్ల దాకా వచ్చాడు. అక్కడి బెంచీ మీద రొదైనా కూర్చుని ఉంది. ముఖం కడుక్కుంది, కళ్లు మాత్రం కడిగితే పోయే ఎరుపులో లేవు. మలుపు దాటుతున్న అతన్ని చూసి గబుక్కున లేచింది. బయ్యూమి ఉన్నచోటే ఆగి, బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి పాదాన్ని గలాబియ్యా అంచు కిందికి లాక్కున్నాడు.

"బాబాయ్, మీరు లేచారేంటి? నేను పైన డీన్ గారి దగ్గరికి వెళ్దామని కూర్చున్నా. ఆయన ఇంకా గదిలోనే ఉన్నారు. నా మార్కుల కోసం కాదు, ఒట్టు. ఎవరో ఒకరు ఇవాళ మీ పాదం చూడాలి. మీరేం మాట్లాడక్కర్లేదు. నా పక్కన నిలబడితే చాలు, నేనే చెబుతా."

ఆమె చెయ్యి చాచింది, పట్టుకుని మెట్లెక్కమని. ఆ అరచేయి వంక బయ్యూమి చూశాడు. పట్టుకుంటే పైకి వెళ్లాలి. పైకి వెళితే పొద్దున ఏమన్నాడో, ఎందుకన్నాడో, ఈ పిల్ల ముందు మళ్లీ చెప్పాలి. బోలెడంత మంది కాలు నొక్కినా రాని చెమట ఇప్పుడు పట్టింది.

"అక్కర్లేదు తల్లీ. పాషా వచ్చి చూశాడు. రేపు పొద్దున్నే తనే చేస్తానన్నాడు. గీత కూడా గీశాడు, చూడు." గలాబియ్యా కాస్త ఎత్తి మోకాలి పక్కన నీలం చూపించి, వెంటనే దించేశాడు.

"నిజంగానా? పాదం సంగతి ఒప్పుకున్నారా?"

"ఒప్పుకున్నాడు. నీ పేరు కూడా అడిగాడు. వల్లాహీ, దేవుడి మీద ఒట్టు."

ఆమె భుజాలు ఒక్కసారి దిగాయి. కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ నవ్వులో తామరలను చుక్కలన్నప్పటి అమ్మాయి కనిపించింది.

"అయితే చాలు బాబాయ్. నాదేముంది, వచ్చే ఏడు రాసుకుంటా." సంచి భుజానికి తగిలించుకుంది. డీన్ గదివైపు మెట్లు పైకి ఉన్నాయి. ఆమె కిందికి దిగింది. "మీరు లోపలికెళ్లి పడుకోండి. అస్సలు నడవకండి."

"నడవనమ్మా."

మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. అతను చెయ్యి ఊపాడు. కింది అంతస్తులో ఆమె అడుగుల చప్పుడు ఆగిపోయేదాకా ఉస్తా బయ్యూమి గోడకు ఆనుకుని అలాగే నిలబడ్డాడు. కదిలితే కాలు నిజం చెప్పేస్తుంది.